ఆరుబయటి ఆవము - గరాజులోని బట్టీ

తెలుగునాట కుమ్మరి ఆవము సాధారణంగా ఊరి చివరనో, విశాలమైన పెరటిలోనో ఉండేది. పిడకలు, కంప, గడ్డి పేర్చి నిప్పు పెడితే పొగ ఆకాశంలో కలిసిపోయేది. ఆ ఏర్పాటులో ఎంత రక్షణ ఇమిడి ఉన్నదో విడిగా చెప్పుకొనవలసిన అవసరం ఎవరికీ రాలేదు.

అమెరికాలో కుండల పని నేర్చుకొనే తెలుగువారికి మట్టి, సారె కొత్తవి కావు. గ్యాస్ బట్టీ మాత్రం కొత్తది. తరగతిలో కలిగిన ఉత్సాహంతో దానిని కొని గరాజులో నిలుపుకొనదలచినవారు మొదట ఆలోచించవలసినది పాత్రల రంగును గురించి కాదు, గాలిని గురించి.

ప్రాణవాయువు సమృద్ధిగా ఉన్నప్పుడు గ్యాస్ పూర్తిగా మండి, బొగ్గుపులుసు వాయువుగాను, నీటి ఆవిరిగాను మారుతుంది. కాని రాగి పూతకు ఎరుపు, ఇనుప పూతకు లేత ఆకుపచ్చ రావలెనంటే, సుమారు 1280 డిగ్రీల సెల్సియస్ వరకు సాగే ఈ కాల్పులో కొంతసేపు బట్టీకి గాలిని బుద్ధిపూర్వకంగా తగ్గించవలెను. దీనినే క్షయకరణము అంటారు. ఆవమును మట్టితో కప్పి, పొగను బంధించి నల్లకుండలు చేసిన కుమ్మరులు ఆచరించినదీ ఈ సూత్రమే. అప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్ పూతలోని లోహపు ఆక్సైడ్ల నుండి ప్రాణవాయువును లాగుకొంటుంది. పాత్రకు వన్నె తెచ్చే ఆ వాయువే మనిషి రక్తంలో చేరితే ప్రాణాంతకం. హీమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొంటుంది.

"గ్యాస్ వాసన రాలేదు కదా" అని ధైర్యపడడం పొరపాటు. వాసన అన్నది ఇంధనంలో కలిపిన ద్రవ్యానిది. మంటలో అది కాలిపోతుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం దాని తొలి చిహ్నాలు. రాత్రంతా బట్టీ వద్ద మేలుకొన్నవారు వాటిని అలసటగా భావించే ప్రమాదమున్నది. ఇంటికి ఆనుకొని ఉన్న గరాజు నుండి ఆ వాయువు పడకగదులకూ చేరగలదు. తలుపు ఎత్తి ఉంచినంత మాత్రాన చాలదు.

హెచ్చరిక గంట తప్పక ఉండవలెను. కాని అదే రక్ష అనుకొనరాదు. పదిలక్షల పాళ్ల గాలిలో 70 పాళ్ల కార్బన్ మోనాక్సైడ్ ఉన్నప్పుడు, అమెరికా ప్రమాణాల ప్రకారం ఇంటి గంట మోగడానికి 1 నుండి 4 గంటలు పట్టవచ్చు. అది మోగినా, ఒంట్లో తేడా కనిపించినా, వెంటనే అందరూ బయటకు వచ్చి 911కు ఫోన్ చేయవలెను.

రెండవ ప్రమాదం మండని గ్యాస్. ప్రొపేన్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువైనది. కారితే నేలమాళిగల వంటి పల్లపు చోట్ల నిలుస్తుంది. అందుచేత బట్టీ తలుపు, పొగదారి తెరచి ఉంచి, ముందు నిప్పు చూపి, ఆ తరువాతనే గ్యాస్ విడువవలెను. మంట ఆరితే గ్యాస్ కట్టివేసి, లోపలి గాలి పూర్తిగా మారేవరకు ఆగవలెను. మంట ఆరినప్పుడు గ్యాస్‌ను తానే ఆపే కవాటం లేని బట్టీని కొనకపోవడమే మేలు. ఉన్న కవాటాన్ని, మాటిమాటికీ ఆగుతున్నదని విసుగుతో కట్టివేయడం కన్నా మూర్ఖత్వం లేదు.

"పూర్వులు ఈ పరికరాలేవీ లేకుండానే కాల్చలేదా?" అని కొందరు అడుగవచ్చు. నిజమే, వారికి ఆకాశమే పొగగొట్టం. నాలుగు గోడల మధ్య నిప్పు పెట్టేవారు ఆ ఆకాశానికి బదులు చూపవలెను. కనుక బట్టీకి ముందు దాని చోటుకు ఖర్చు పెట్టడం న్యాయం: ఇంటికి దూరంగా, గాలి ఆడే కప్పు కింద, స్థానిక అగ్నిమాపక శాఖ నియమాలకు లోబడి. అంత చోటు లేనివారు సరైన ఏర్పాట్లున్న శిక్షణశాలలో కాల్పించుకొనడంలో చిన్నతనమేమీ లేదు. పగిలిన కుండకు మట్టి మళ్లీ దొరుకుతుంది. పోయిన ప్రాణానికి బదులు దొరకదు.