ఆ అరగంట ఆమెకెవరిస్తారు?

2025 మే 21 నుండి జూన్ 21 వరకు మన రాష్ట్రంలో ‘యోగాంధ్ర’ కార్యక్రమం జరిగింది. చివరి రోజున విశాఖ సాగర తీరంలో లక్షల మంది ఆసనాలు వేశారు. దానితో పాటే మన ఇళ్ళలో పాత ప్రశ్న మళ్ళీ తలెత్తింది: ముస్లిం స్త్రీ యోగా చేయవచ్చునా?

ఉలమా ఈ విషయంలో ఒకే మాట చెప్పలేదు. 2008లో మలేషియా ఫత్వా మండలి వద్దన్నది. 2009లో ఇండోనేషియా ఉలమా మండలి మంత్రోచ్చారణ, ఆరాధనతో కూడిన యోగాను నిషేధించి, కేవల వ్యాయామాన్ని అనుమతించింది. 2017లో సౌదీ అరేబియా దీనిని క్రీడగా గుర్తించింది. మంత్రాలకు, సూర్య నమస్కారాలకు మన తౌహీద్‌లో చోటు లేదు. వాటిని విడిచి శ్వాసను, కీళ్ళను సాధన చేస్తే అది వ్యాయామమేనని మా అభిప్రాయం. సందేహం తీరనివారు తమకు నమ్మకమైన ఆలిమ్‌ను అడగాలి. ఈ చర్చను ఇంతకు మించి సాగదీయము. ఎవరి ఆరోగ్యం గురించి వాదించుకుంటున్నామో ఆ ఇల్లాలు ఇంతసేపూ వంటింట్లోనే ఉండిపోయింది.

నరసరావుపేటలోనో, మాచర్లలోనో, గురజాల పక్క పల్లెలోనో నలభై అయిదేళ్ళ స్త్రీని తలచుకోండి. మిరప కోతల కాలంలో పొద్దంతా నడుము వంచి కాయలు కోస్తుంది. ఇంటికి వచ్చి పొయ్యి వెలిగిస్తుంది. కూతురు అత్తవారింట, కొడుకు హైదరాబాదులోనో గల్ఫులోనో. నెలసరి ఆగిపోయే వయసు. ఒళ్ళంతా ఆవిర్లు, రాత్రి నిద్ర ఉండదు. ‘మనసు బాగాలేదు’ అని ఆమె ఎన్నడూ అనదు. గుండె దడ అంటుంది, తల బరువు అంటుంది, కాళ్ళు పీకుతున్నాయంటుంది. ఊరి వైద్యుడు బలానికి సూది వేస్తాడు. అది పని చేయకపోతే తాయెత్తు కడతారు. ఆ తరువాతిది మరీ కఠినమైన మాట: ‘ఈమాన్ బలహీనమైంది, అందుకే ఈ దిగులు!’

హజ్రత్ యాఖూబ్ (అ) కుమారుని ఎడబాటుతో దుఃఖించి చూపు కోల్పోయిన వృత్తాంతాన్ని దివ్యఖుర్ఆన్ మనకు వినిపిస్తున్నది. ఆయన విశ్వాసాన్ని శంకించగలవారెవరు?

నిమ్హాన్స్ సంస్థ 2015-16లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, కుంగుబాటు స్త్రీలలోను, 40-49 ఏళ్ళ వయసువారిలోను ఎక్కువగా ఉన్నట్లు తేల్చింది. మానసిక రుగ్మతలున్న వారిలో 70 నుండి 92 శాతం మందికి చికిత్స అందడం లేదనీ చెప్పింది. రుగ్మతను బట్టి ఈ అంకె మారుతుంది.

యోగా దీనికి మందా? స్వల్పమైన దిగులుకు, ఆందోళనకు, నిద్రలేమికి క్రమబద్ధమైన అభ్యాసం కొంత ఉపశమనం ఇస్తుంది. నెమ్మదిగా గాలి పీల్చి, అంతకంటె నెమ్మదిగా వదిలితే గుండె వేగం తగ్గి శరీరం కుదుటపడుతుంది. రక్తపోటు ఉన్నవారు ఊపిరి బిగబట్టరాదు. మోకాళ్ళ నొప్పులవారు కుర్చీలో కూర్చునే చేయవచ్చు. ‘నమాజులోనే వ్యాయామం ఉంది కదా’ అనే సోదరులున్నారు. నమాజు ఆరాధన, దానిని కసరత్తుగా లెక్కించడం నమాజుకూ న్యాయం కాదు, నొప్పి వల్ల సజ్దా చేయలేకపోతున్న ఆ తల్లికీ న్యాయం కాదు.

పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజుగా గడుపుతున్న అబ్దుల్లా బిన్ అమ్ర్ (రజి)కు, శరీరానికి కూడా అతనిపై హక్కు ఉన్నదని దైవప్రవక్త (స) బోధించారు. మన ఇళ్ళలో ఆ హక్కు గడియారం దగ్గర ఆగిపోతున్నది. ఫజ్ర్ తరువాత ఒక అరగంట, తలుపు వేసుకునేందుకు ఒక గది కావాలి. ఆ అరగంట టీ కాచేవారెవరు? భర్త కాచవచ్చు, కొడుకూ కాచవచ్చు. వీధిలో నలుగురు స్త్రీలు ఒకరి ఇంట కలిసి చేస్తే మరీ మంచిది; మాట కలిసినా సగం బరువు దిగుతుంది.

రెండు వారాలకు పైగా దిగులు వీడకపోయినా, తిండి సయించకపోయినా, చావు మాటలు వినిపించినా ఆసనాలతో సరిపెట్టరాదు, వైద్యుని చూడాలి. చావు మాట వినిపిస్తే రెండు వారాలు ఆగనే కూడదు. ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నంబరులో రాత్రింబవళ్ళు ఉచితంగా, తెలుగులో కూడా లభిస్తుంది. మొదటిసారి ఆమె పక్కన కూర్చుని ఆ నంబరు మీరే కలిపి ఇవ్వండి.