పట్టా లేని చదువు, కంప్యూటరు కొలువు



గత కొన్ని మాసములుగా మాకు వచ్చుచున్న జాబులలో నొకే ప్రశ్న మరల మరల కానవచ్చుచున్నది. ఇంటర్మీడియటుతో చదువు నిలిచిపోయినది. కొందఱికి వివాహమువలన, కొందఱికి తండ్రి గతించుటవలన, కొందఱికి చేత ధనము లేకపోవుటవలన. ఇప్పుడు కంప్యూటరు కొలువున ప్రవేశింపవలెనని కోరిక. డిగ్రీ లేనివారి కా వాకిలి తెఱచుకొనునా యని వారి సందేహము. ఈ కోరికతోనే కొందఱు మెడలోని గొలుసు కుదువబెట్టి శిక్షణాలయములకు రుసుము చెల్లింప సిద్ధపడుచున్నారు. సొమ్ము చేయి దాటకమునుపే ఈ సంగతిని విచారించుట మేలని తలచితిమి.

మేమును కళాశాల గడప త్రొక్కినవారము కాము. ఇంట పెద్దలయొద్ద అమరమును, భారతమును చదువుకొన్నవారము. పట్టా లేని చదువునకు లోకమున నెంతటి గౌరవము కలదో మాకు తెలియనిది కాదు. కావున నున్నదున్నట్లు చెప్పెదము. వాకిలి తెఱచుకొనును గాని అది సింహద్వారము కాదు. పెద్ద కంపెనీలు ఇంజనీరింగు కళాశాలలకే పోయి అచ్చటి విద్యార్థులను ఏర్చికొనుచున్నవి. ఆ పంక్తిలో మనకు విస్తరి వేయరు. మనము వేఱొక త్రోవను, కొంత ఆలస్యముగ, చేతి పనిని చూపి ప్రవేశింపవలసియుండును.

ఆ త్రోవను నడచిన వనిత యొకతె కలదు. స్టెఫనీ షర్లీ యనునామె బాల్యముననే 1939వ సంవత్సరమున నాజీల బారినుండి తప్పించుకొని శరణార్థిగా ఇంగ్లండు చేరినది. పదునెనిమిదవ యేట కళాశాలకు పోక, తపాలాశాఖవారి పరిశోధనాలయమున కొలువున చేరి, సాయంకాలపు తరగతులలో ఆరేండ్లు చదివి గణితమున పట్టము గైకొన్నది. 1962వ సంవత్సరమున ఆరు పౌనుల మూలధనముతో, తన భోజనపు బల్లయే కార్యాలయముగా, ప్రోగ్రాములు వ్రాసియిచ్చు సంస్థను నెలకొల్పినది. పెండ్లియై, బిడ్డలు కలిగి, ఉద్యోగము మానుకొన్న స్త్రీలకే ఇంటనుండి పని నిచ్చినది. తన పేర వ్రాసిన జాబులకు బదులు రాకపోగా, భర్త సలహాపై స్టీవ్ అని పురుషనామముతో సంతకము చేయుట మొదలిడినది. మొదటి మున్నూరుమంది పనివారిలో 297 మంది స్త్రీలే. కాంకార్డు విమానపు బ్లాక్ బాక్సునకు వలయు ప్రోగ్రామును వ్రాసినది వారే. ఆమె 2025వ సంవత్సరమున, తొంబదియొకటవ యేట గతించినది. ఆమె పట్టమునకై కొలువును ఆపలేదు. కొలువు దొరకినదని చదువును విడువలేదు. మనము గ్రహింపవలసిన దిదియే.

మన దేశమునను ఇట్టి త్రోవలు కొన్ని యేర్పడియున్నవి. తమిళనాట జోహో సంస్థవారు ఇరువది యేండ్లకు పైబడి, పండ్రెండవ తరగతి గాని డిప్లొమా గాని ముగించిన పిన్నవయస్కులకు రుసుము లేక, పైగా నెలనెలా భృతి నిచ్చి, చదువు చెప్పి పనిలో చేర్చుకొనుచున్నారు. హెచ్.సి.ఎల్. వారు 2017వ సంవత్సరమున టెక్‌బీ యను శిక్షణను ప్రారంభించిరి. ఇంటర్మీడియటున గణితము చదివినవారిని ఏర్చి, శిక్షణానంతరము కొలువిచ్చి, కొలువు చేయుచునే డిగ్రీ చదువుటకు వీలు కల్పింతురు. ఇందు శిక్షణకు రుసుము కలదు గనుక నియమములన్నియు చదివిన పిమ్మటనే సంతకము చేయవలెను. ఈ రెండును ముఖ్యముగ అప్పుడే చదువు ముగించిన బాలబాలికల కొఱకు. వయసు మీరిన గృహిణులకు కావు. కేంద్రప్రభుత్వపు సంస్థయగు నీలిట్ వారి ఓ లెవెల్ శిక్షణకు ఇంటర్మీడియటు చాలును.

ఇక ఇంట కూర్చుండి నేర్చుకొనువారు డబ్బు పెట్టనక్కఱలేదు. బొంబాయి ఐ.ఐ.టి. వారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠములు తెలుగున సైతము ఉచితముగ లభించుచున్నవి. ఒక్కొక్క పాఠము సుమారు పది నిమిషములు. అన్నము వార్చి కూర పొయ్యిమీద వేసిన నడుమ నొక పాఠము వినవచ్చును. స్వయమ్, ఎన్.పి.టి.ఇ.ఎల్. పాఠములు వినుటకును రుసుము లేదు; నిశ్చయపత్రము కోరి పరీక్ష వ్రాయువారే రుసుము కట్టవలెను. మొదట హెచ్.టి.ఎం.ఎల్., సి.ఎస్.ఎస్. నేర్చి ఒక పుటను తీర్చుట, పిదప జావాస్క్రిప్టు గాని పైథాన్ గాని ఒక్కదానిని గట్టిగ పట్టుట, ఆపైన సమాచారమును పట్టికలుగా భద్రపఱచు ఎస్.క్యు.ఎల్. అభ్యసించుట మేలు. నాలుగింటిని నాలుగు వారములలో ముట్టి విడుచుటకన్న నొకదానిని ఆరు మాసములు సాధించుట శ్రేయము. ఆంగ్లమును చదివి అర్థము చేసికొను శక్తియు తప్పక వలయును.

నేర్చినదానిని చూపుట ముఖ్యము. ఏకలవ్యుడు గురుకులమున కూర్చున్నవాడు కాడు. అతని విద్యను అర్జునునకు తెలిపినది ఆచార్యుని పట్టా కాదు, కుక్క నోట నిలిచిన బాణములు. మనకును అట్లే. మీ యూరి కిరాణా దుకాణమునకు సరకుల పట్టిక, మహిళా సంఘమునకు పొదుపు లెక్క, బడికి హాజరు పుస్తకము, ఇట్టి చిన్నపనులను కంప్యూటరున నిజముగ చేసి, గిట్‌హబ్ వంటి చోట నలుగురు చూచునట్లు ఉంచవలెను. లెక్క చేసి చూపనివానికి సూత్రము వచ్చునని నమ్మరాదని మావారు బడిలో చెప్పుచుందురు. ఇట్టి పనులు మూడు నాలుగు చేతనుండినచో చిన్న కంపెనీలలో పరీక్షకు పిలుపు వచ్చుట కవకాశము కలదు. తొలికొలువు ప్రోగ్రాములు వ్రాయుటయే కానక్కఱలేదు. ఇతరులు వ్రాసినవానిని పరీక్షించుట, వాడుకరుల కిబ్బంది తీర్చుట కూడ ఆ యింటికి మెట్లే.

ఇచ్చట నొక హెచ్చరిక. హైదరాబాదున అమీరుపేట సందులలో మంచి గురువులు కలరు. నీళ్ల ధరకు ఉద్యోగములు అమ్ముదుమనువారును కలరు. ఉద్యోగము నూరుపాళ్లు ఖాయమని చెప్పి ముందుగ లక్షలు కోరినచో లేచి రండు. చేయని ఉద్యోగమును చేసినట్లు దొంగ అనుభవపత్రము సృష్టించి యిత్తుమన్నచో, ఆ గడప మరల త్రొక్కకుడు. కంపెనీలు పూర్వోద్యోగ విషయమును విచారణ చేయించును. అసత్యము బయటపడిననాడు కొలువు పోవుటయేగాక, మఱొకచోట నిలుచుటకును చోటు దొరకదు. కుదువబెట్టిన గొలుసును విడిపించుకొన వచ్చును. పోయిన పేరును విడిపించుకొనుట దుర్లభము.

డిగ్రీ అక్కఱలేదని మా యభిప్రాయము కాదు. పదోన్నతివేళ దానిని అడుగువారు కలరు. అమెరికా హెచ్-1బి వీసాకు డిగ్రీ గాని తత్సమానమగు అర్హత గాని వలయును. అచ్చట మూడేండ్ల అనుభవమును ఒక సంవత్సరపు కళాశాల చదువుగా లెక్కింతురు. కావున కొలువున కాలూనిన పిదప చదువు సాగింపుడు. మద్రాసు ఐ.ఐ.టి. వారు 2020వ సంవత్సరమున డేటా సైన్సున ఇంటనుండి చదువు పట్టమును నెలకొల్పిరి. ప్రవేశపరీక్ష నెగ్గిన పండ్రెండవ తరగతివారు చేరవచ్చును, నడుమ నాగినను అంతవఱకు చదివినదానికి పత్రము నిత్తురు. 1982వ సంవత్సరమున వెలసిన డాక్టరు అంబేద్కరు సార్వత్రిక విశ్వవిద్యాలయమును మనకు దూరపు చుట్టము కాదు.

తుదకు ఇంటివారికి రెండు మాటలు. అత్తగారలారా, అయ్యలారా! కోడలు గాని కూతురు గాని కంప్యూటరు ముందు కూర్చున్నచో కాలక్షేపమని తలపకుడు. దినమునకు రెండు గంటలు, పిలుపు లేని రెండు గంటలు, ఏడాదిపాటు ఆమె కిండు. వంటింటి పనిలో ఒక పూట చేయి కలిపినచో ఆ రెండు గంటలు దొరకును. సోదరీమణులారా, మీరును ఏడాదిలో ఫలము చేతికి రాలేదని క్రుంగకుడు. తీగకు పందిరి వేసిననాడే కాయ కోయు తోటమాలి యెచ్చటను లేడు. పని చేసి చూపుడు, సత్యమును విడువకుడు, చదువును ఆపకుడు.