విషాదం అలముకుంటే సరిపోతుందా?

పత్రికల జిల్లా పేజీల్లో ఒక వాక్యం మనకు కంఠతా వచ్చేసింది: 'గ్రామంలో విషాద ఛాయలు అలముకున్నాయి.' హాస్టల్లో పిల్ల చనిపోయినా, డోలీలో మోసుకొస్తుండగా గర్భిణి ప్రాణం పోయినా, గోదావరిలో పడవ మునిగినా వార్త చివర ఇదే. చర్ల, దుమ్ముగూడెం అడవి అంచున ఊళ్ల పేర్లు మారతాయి, వాక్యం మారదు.

ఈ వాక్యానికి కర్త ఎవరో చూడండి: ఛాయలు. అలముకోవడం చీకటీ, పొగా, మంచూ చేసే పని. మనుషుల నిర్ణయాల వల్లో నిర్లక్ష్యం వల్లో జరిగిన చావు కూడా ఈ వాక్యంలో పడితే వాతావరణ సమాచారం అయిపోతుంది. మంచు పట్టినందుకు ఎవరిని జవాబు అడుగుతాం?

గీత మొదటి అధ్యాయం పేరు అర్జున విషాద యోగం. అక్కడ విషాదం ఒక మనిషిది. అతనికి పేరుంది, ప్రశ్నలున్నాయి, ఎదురుగా సమాధానం చెప్పేవాడున్నాడు. మన వార్తల్లో విషాదం ఊరిది, గూడేనిది, ఎవరిదీ కాదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఎన్నడూ 'విషాదం' అనదు. జ్వరం ఎప్పుడొచ్చిందో, ఎవరికి కబురు పెట్టిందో, ఎవరు రాలేదో చెబుతుంది. ఆమె మాటల నిండా కర్తలే. వార్త అయ్యేసరికి అవన్నీ పోయి, ఆమె 'కన్నీరుమున్నీరుగా విలపించడం' ఒక్కటే మిగులుతుంది.

2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో జరిగింది గుర్తు చేసుకుందాం. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసే ప్రాజెక్టు మొదలైంది. అమెరికాకు చెందిన పాత్ సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టాయి. వారిలో ఎందరో హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు. జిల్లాలో ఐదుగురు చనిపోయారు. విషాదం అనుకుని ఊరుకుంటే విషయం అక్కడితో ముగిసేది. 2010 మార్చిలో 'సమ' అనే మహిళా ఆరోగ్య బృందం భద్రాచలం వచ్చి, అసలు ఈ టీకాకు ఒప్పుకున్నదెవరని ఆరా తీసింది. ఏప్రిల్లో ప్రాజెక్టు ఆగింది. చావులకు టీకాతో సంబంధం ఉండకపోవచ్చని ప్రభుత్వ విచారణ సంఘం చెప్పింది. కానీ ఆ విచారణలోనే మరో సంగతి బయటపడింది. రాష్ట్రంలోని 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు; 1,948 మీద ఉన్నవి వేలిముద్రలు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం పాత్‌నీ ఐసీఎంఆర్‌నీ గట్టిగా తప్పుపట్టింది. చావుల సంగతి ఎలా తేలినా, తల్లిదండ్రుల హక్కును ఎవరు వాడుకున్నారో తేలింది. కర్త కోసం వెతికితేనే ఇది దొరికింది.

విలేకరిని ఒక్కడినే అని లాభం లేదు. ఆరోపణ రాస్తే రుజువు కావాలి, పైనుంచి ఫోన్లొస్తాయి. విషాదం రాస్తే ఎవరూ ఏమీ అనరు. అందరికీ క్షేమమైన మాట అది, పోయినవాళ్లకు తప్ప.

నేను దుఃఖాన్ని వార్తల్లోంచి తీసేయమనడం లేదు. దాని వెనకున్నది కూడా రాయమంటున్నాను. జ్వరమని హాస్టల్ రిజిస్టర్లో ఏ తేదీన రాశారు? ఇంటికి కబురు ఎప్పుడు చేశారు? ఏఎన్ఎం పోస్టు ఎన్నాళ్లుగా ఖాళీ? 108 బండి ఎక్కడిదాకా వచ్చి ఆగింది? ఆ ఊరికి రోడ్డు ఎవరి ఆఫీసులో ఆగింది?

సంఘాల్లో పనిచేసే మనం విలేకరి చేతికిచ్చే కాగితంలో ఈ జవాబులు ఉండాలి. 'మరణం సంభవించింది' అని కాదు, 'మూడు రోజులు డాక్టరుకు చూపించలేదు' అని, రుజువు ఉన్నంత మేరకే రాద్దాం. పత్రిక అదంతా కత్తిరించి విషాదం ఒక్కటే వేసుకోవచ్చు. అయినా ఆ కాగితం నకలు మన దగ్గర ఉంటుంది. మర్నాడు ఐటీడీఏ ఆఫీసుకు తీసుకెళ్లడానికి పనికొచ్చేది అదే.