నష్టం మోసేదెవడు?

కంపెనీలు నవకల్పనను ఎలా నడుపుతాయి, ఎలా నిలుపుకుంటాయి? యాజమాన్య శాస్త్రం దగ్గర జవాబు సిద్ధంగా వుంది: దూరదృష్టి గల నాయకుడు, చురుకైన మెదళ్ళు, స్వేచ్ఛాయుత వాతావరణం. మన కళాశాలల్లో పిల్లలు దీన్నే వల్లె వేస్తున్నారు. నేను ఒప్పుకోను. హిందూపురంలో రైలెక్కి, పెనుకొండలో ఆగి, ధర్మవరంలో దిగి, మూడుచోట్లా కళ్ళు తెరిచి చూసినవాడెవడూ ఒప్పుకోలేడు.

పెనుకొండ చెంత ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారం వుంది. 2017లో ఒప్పందం కుదిరింది. 2019లో కార్లు బజారుకెక్కాయి. ఏటా 3 లక్షల కార్లు తయారుచేసే స్తోమతతో దాన్ని కట్టారు. భూమి సేకరించి ఇచ్చింది ప్రభుత్వం. కరువుసీమలో నీరు సమకూర్చింది ప్రభుత్వం. పన్ను రాయితీలిచ్చింది ప్రభుత్వం. కొందరికి కొలువులు దొరికాయి, కాదనను. కాని కారుకు రూపం కల్పించే ప్రధాన పరిశోధనా కేంద్రం కొరియాలోని నమ్యాంగ్‌లో వుంది. అలాంటి కేంద్రంలో ఇంజనీరు గీసిన పది నమూనాల్లో తొమ్మిది చెత్తబుట్టకు పోయినా, నెల తిరిగేసరికి జీతం అందుతుంది. రహస్యమంతా ఇదే. నవకల్పనను నిలిపేది మేధావి మెదడొక్కటే కాదు. ప్రయోగం చెడినా పస్తుండనక్కరలేని ఏర్పాటు. ఆ ఏర్పాటు ఖర్చులో కొంత ప్రజల భుజాన పడుతుంది.

మరి హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టుకు వచ్చే రైతు కొత్తదనానికి విముఖుడా? పసుపుగూళ్ళు వదిలి తెల్లగూళ్ళ బైవోల్టిన్ పురుగును చేపట్టినవాడు అతడే. ఆ పురుగు నాజూకుది. ఎండకూ తెగులుకూ తట్టుకోలేదు. ఒక్క పంట పోతే అప్పు అతడిదే.

ధర్మవరంలో పట్టుచీరకు కొత్త అంచు వేయాలంటే గళ్ళ కాగితం మీద బొమ్మ గీయించాలి, అట్టలకు రంధ్రాలు కొట్టించాలి, వాటిని జాక్వర్డుకెక్కించాలి. చీర అమ్ముడుపోకపోతే ఆ నష్టం నేతగాడి వంటింటిదాకా వస్తుంది. అమ్ముడుపోతే మరమగ్గం ఆ పువ్వునే చవకగా దించుతుంది. 1985 నాటి చట్టం కొన్ని రకాలను చేనేతకే కేటాయించింది; అమలు అంతంతమాత్రం. భౌగోళిక గుర్తింపు ధర్మవరం పేరును కాపాడుతుంది గాని, నిన్న పుట్టిన పువ్వును కాపాడదు. 2000 నాటి డిజైన్ల చట్టం రిజిస్టరైన నమూనాకు పదేళ్ళ రక్షణ ఇస్తుంది. ఆ కాగితం పట్టుకొని కోర్టు మెట్లెక్కగల నేతగాడెవడు?

మగ్గం పాతబడింది, దానిలో నవకల్పన ఏమిటని కొందరు మిత్రులడుగుతారు. జపానులో వడ్రంగి కొడుకు సకిచి టొయోడా 1924లో స్వయంచాలక మగ్గాన్ని పూర్తిచేశాడు. 1929లో దాని పేటెంటు హక్కులను ఒక ఇంగ్లీషు కంపెనీకి అమ్మారు. 1933లో ఆ మగ్గాల కంపెనీలోనే కార్ల విభాగం వెలసింది. నేటి టొయోటా దాని సంతానమే. మగ్గానికీ కారుకూ మధ్య దూరం బుద్ధిలో లేదు. ప్రయోగానికి కావలసిన మిగులూ, ఫలితం మీద హక్కూ ఎవరి చేతిలో వున్నాయన్నదానిలో వుంది.

కనుక నేతగాడికీ రైతుకూ ఉపదేశాలు చాలించండి. సహకార సంఘాలకు నమూనాశాలలు కావాలి. ప్రయోగం చేసిన రోజులకు కూలి కావాలి. అమ్ముడుపోని కొత్త చీరకూ, పోయిన పురుగు పంటకూ ప్రజానిధి నుంచి పరిహారం కావాలి. రిజిస్ట్రేషనూ, వ్యాజ్యమూ సర్కారు ఖర్చుతో జరగాలి. కార్ల కంపెనీకి నేలా నీరూ సమకూర్చినప్పుడు దాన్ని అభివృద్ధి అన్నారు. నేతగాడు అడిగితే మాత్రం సబ్సిడీ అని మూతి విరుస్తారెందుకు?