కళ్లజోడు ఖరీదు ఎక్కడుంది?

మా మదరసాలో ఒక కుర్రవాడున్నాడు. తండ్రి విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్. వాడి గొంతు మంచిది. ఒకసారి వింటే చాలు, పాఠం అప్పగించేసేవాడు. కాని నల్లబల్ల మీద రాసింది చూసి పలక మీద దించమంటే మాత్రం అన్నీ తప్పులే. ఒక్క చుక్క తేడాతో అక్షరం మారిపోయే లిపి మాది. వాడు 'బే' ఉన్నచోట 'తే' రాసేవాడు, 'జీమ్' కడుపులోని నుక్తాను వదిలేసేవాడు. ఏడాది పాటు వాణ్ణి మేము సోమరి అనుకున్నాం, నలుగురిలో ఆ మాట అన్నాం కూడా. తీరా ఒకరోజు పిల్లలందరికీ కంటి పరీక్ష చేయిస్తే తేలిందేమిటి? వాడికి మైనస్ మూడున్నర పాయింట్ల సైటు. బల్ల మీద చుక్కలు వాడికి ఏనాడూ కనిపించనే లేదు. ముప్పై ఏళ్లుగా పాఠం చెబుతున్న మాకు ఆ సంగతి తట్టకపోవడం సిగ్గుపడవలసిన విషయమే.

అంతటితో కథ సుఖాంతమైందని పాఠకులు అనుకోవద్దు. తండ్రి అప్పో సప్పో చేసి అద్దాలు కొన్నాడు. అయిదు నెలలకు ఆటలో విరిగాయి. కొన్నాళ్లు కాడకు టేపు చుట్టుకుని వచ్చాడు, తరువాత అదీ లేదు, మళ్లీ వెనక వరసలోకి జరిగాడు. తండ్రిని పిలిపించి అడిగితే ఆయన తల వంచుకుని, "హజ్రత్, ఒకసారంటే ఎలాగో కొన్నాను. మళ్లీ రెండు వేల రెండొందలు ఎక్కణ్ణుంచి తేను? కాస్త పెద్దవాడయ్యాక కొందామని..." అన్నాడు.

ఆ 'పెద్దవాడయ్యాక' అన్న మాటే ఈ వ్యాసం రాయించింది. కళ్లజోడు ఒకసారి కొని దాచుకునే వస్తువు కాదు. పిల్లల పవరు ఏటేటా మారుతుంది, ఫ్రేము విరుగుతుంది, అద్దం గీసుకుపోతుంది. మొదటి జోడును ఎవరో ఒకరు ఇప్పిస్తారు. పేదవాడి చూపు ఆగిపోయేది రెండో జోడు దగ్గర.

ఇంతకీ ఆ రెండు వేల రెండొందలలో అద్దం ఖరీదెంత? తెలుసుకుందామని అదే చీటీ పట్టుకుని ఒక ఆదివారం వన్‌టౌన్‌లోను, గవర్నర్‌పేటలోను నాలుగు దుకాణాలు తిరిగాం. అదే పవరు, అదే పిల్లవాడు. ఒకచోట 650 రూపాయలన్నారు, ఒకచోట 900, మరొకచోట 1,400. చల్లని గదిలో మెత్తటి కుర్చీ వేసి మంచినీళ్లిచ్చిన నాలుగోచోట 2,600. వాళ్లు మోసగాళ్లని మేమనడం లేదు. అద్దె, కరెంటు, జీతాలు అందరికీ ఉంటాయి. నాలుగు చోట్లా మమ్మల్ని ఎవరూ అవమానించలేదు కూడా. కాని ధర ఎందుకు పెరుగుతుందో అడిగితే విడదీసి చెప్పినవాడు ఒక్కడే, ఆ 650 రూపాయలవాడు.

అతని పుణ్యమా అని మేము తెలుసుకున్నది పాఠకులతో పంచుకుంటున్నాం. మామూలు పవర్లకు అద్దాలు ముందే తయారై దుకాణంలో కాగితపు కవర్లలో ఉంటాయి. వాటిని ఫ్రేముకు తగినట్టు అరగదీసి బిగించడమే పని. సిలిండర్ ఎక్కువగా ఉన్నా, పవరు మరీ పెద్దదైనా విడిగా చేయించాలి, దానికి ఖర్చవుతుంది. పలుచని హై ఇండెక్స్ అద్దం పెద్ద మైనస్ ఉన్నవారికి అవసరం. రెండు పాయింట్లవాడికి అది అలంకారమే. అద్దం మీద మెరుపు తగ్గించే కోటింగు రాత్రిళ్లు బండి నడిపేవారికి హాయిగా ఉంటుంది. ఇక కంప్యూటరు, ఫోను వెలుతురు నుంచి కాపాడుతుందని చెప్పి అంటగట్టే 'బ్లూ కట్' సంగతి. వైద్య పరిశోధనలను జల్లెడపట్టి చూసే కోక్రేన్ సంస్థ 2023లో 17 ప్రయోగాలను పరిశీలించి, మామూలు అద్దంతో పోలిస్తే కంటి అలసట తగ్గడంలో దీనివల్ల కొద్దికాలంలో మేలు ఉన్నట్టు కనిపించడం లేదని తేల్చింది. అయినా మన పిల్లల బిల్లుల్లో ఆ వరుస ఉంటూనే ఉంది.

ఒక్కచోట మాత్రం ఎక్కువ పెట్టవచ్చు. పిల్లల అద్దాలు పాలీకార్బొనేట్‌వి అయితే దెబ్బ తగిలినప్పుడు పగిలి కంట్లో గుచ్చుకునే ప్రమాదం చాలా తక్కువ. చవక పేరుతో పసివాడి కంటి ముందు గాజు పెట్టమని మేము చెప్పం.

అసలు కీలకం చీటీ. పవరు రాసిన చిన్న కాగితం. "కంటి పరీక్ష ఉచితం" అని బోర్డు పెట్టినచోట పరీక్ష చేయించుకుంటాం, వాళ్లు పవరు తమ పుస్తకంలో రాసుకుంటారు, మన చేతికి బిల్లు మాత్రమే వస్తుంది. కిందటేడు మా సొంత జోడుకు 4,600 పోసి, చీటీ ఇవ్వమని అడిగితే, "మీ నంబరు మా దగ్గర భద్రంగా ఉంటుంది సార్, ఎప్పుడైనా రండి" అన్నారు. ఎంత మర్యాద! అంటే మా చూపు వాళ్ల అల్మారాలో ఉంటుందన్నమాట. మళ్లీ జోడు కావలసివస్తే అక్కడికే పోవాలి, లేదా మరోచోట మళ్లీ పరీక్ష. అమెరికాలో 1978లోనే ఒక నిబంధన తెచ్చారు. కంటి పరీక్ష పూర్తికాగానే, అడిగినా అడగకపోయినా, అదనపు రుసుము లేకుండా చీటీ రోగి చేతిలో పెట్టాలి. అద్దాలు అక్కడే కొనాలని షరతు పెట్టకూడదు. వ్యాపారాన్ని దైవంలా కొలిచే దేశంలోనే ఈ పని చేయవలసి వచ్చిందంటే, చీటీ విలువ ఎంతో ఊహించుకోవచ్చు. మనం నోరు తెరిచి అడగాలి. రెండు కళ్ల పవరు, సిలిండర్, యాక్సిస్, దగ్గరచూపు పవరు, రెండు కనుపాపల మధ్య దూరం, ఈ అంకెలన్నీ రాసి ఇమ్మనాలి. అవి చేతిలో ఉంటే 650 దుకాణమైనా, 2,600 దుకాణమైనా మన ఇష్టం.

పిల్లల మాట అలా ఉంచి ఆడవాళ్ల సంగతికి వద్దాం. నలభై దాటాక దగ్గరి అక్షరాలు మసకబారడాన్ని తెలుగులో చత్వారం అంటారు. నలభై అన్న అర్థం ఆ మాటలోనే ఉంది. అది జబ్బు కాదు, అందరికీ వచ్చేదే. రమజాన్ దగ్గరపడితే మన ఇళ్లలో నానీలు, దాదీలు "పెద్దక్షరాల ఖురాన్ కొనిపెట్టు బేటా" అంటారే, అది ఈ చత్వారమే. వించిపేటలో మా ఇంటి వెనక సందులో ఒక ఆపా ఇరవై ఏళ్లుగా మిషను కుడుతోంది. హుక్కులు, కాజాలు, చీర ఫాల్సు ఆమె చేతిపని. రెండేళ్లుగా సూదిలో దారం ఎక్కించాలంటే పదేళ్ల కూతురు బడినుంచి వచ్చేదాకా ఆగేది. కాజాల పని మానేసింది, సంపాదన సగమైంది. ఒంట్లో నీరసమనుకుని టానిక్కులు తాగింది. చివరికి ఒక దుకాణానికి వెళితే 3,800 చెప్పారట, ఇంటికి వచ్చేసింది. ఆమెకు దూరం చూపు బాగానే ఉంది. కావలసింది ప్లస్ ఒకటిన్నర దగ్గరచూపు అద్దాలు. మా ఇంట్లోవాళ్లు ఫుట్‌పాత్ మీద 150 రూపాయలకు తెచ్చి ఇచ్చారు. ఆ పూటే మిషను ముందు కూర్చుంది.

ఇది ఒక్క ఆపా ముచ్చట కాదు. మన డెల్టా చేతిపనులన్నీ దగ్గరచూపు మీద బతికేవే. మచిలీపట్నం రోల్డుగోల్డు నగల్లో రాళ్లు పొదగడం, పెడన కలంకారీకి చెక్క అచ్చులు చెక్కడం, కొండపల్లి బొమ్మకు కన్ను దిద్దడం, ఏది తీసుకున్నా అంతే. పక్కనున్న బంగ్లాదేశ్ పల్లెల్లో దర్జీలు, నేతగాళ్లు వంటి ఎనిమిది వందలమందికి పైగా తీసుకుని, సగంమందికి చవక దగ్గరచూపు అద్దాలు ఉచితంగా ఇచ్చి చూశారు. ఎనిమిది నెలల తరువాత అద్దాలు అందినవారి ఆదాయం మిగతావారికన్నా 33 శాతం ఎక్కువగా ఉందని 2024లో ప్రకటించారు. నూటయాభై రూపాయల వస్తువు అంత పని చేస్తుందని తెలిసీ, నలభై ఏళ్లావిడ అద్దాలు పెట్టుకుంటే "అప్పుడే ముసలిదైపోయింది" అని నవ్వేది మనమే. ఆడపిల్లకు అద్దాలుంటే సంబంధాలు రావని పెళ్లిచూపుల నాడు తీసి దాచిపెట్టేదీ మనమే. అందుకు ఏ దుకాణదారుణ్ణీ నిందించలేం.

ఒక జాగ్రత్త. ఫుట్‌పాత్ అద్దాలకు రెండు కళ్లకూ ఒకే పవరు ఉంటుంది, సిలిండర్ ఉండదు. సైటు ఉన్నవారికి, రెండు కళ్లలో తేడా ఉన్నవారికి అవి పనికిరావు. షుగరు ఉన్నవారు, ఇంట్లో నీటికాసుల జబ్బు ఉన్నవారు ముందు డాక్టరుకు కన్ను చూపించి తీరాలి. తాడిగడపలో 2011 నుంచి ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. చెల్లించలేనివారికి ఉచితంగా చూసే సంస్థ అది. ఆ సంస్థ 1996-2000 మధ్య మన ఉమ్మడి రాష్ట్రంలో 10,293 మందిని పరీక్షించింది. వారిలో చూపు పోయినవారిగా తేలిన ప్రతి వందమందిలో పదహారుగురికి కేవలం సరైన అద్దాలు లేకనే ఆ స్థితి వచ్చింది. పదహారుగురూ అంధులే, కాని అద్దం పెడితే చూస్తారు! ఈ అంకె చదివిన రాత్రి మాకు సరిగా నిద్ర పట్టలేదు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం అన్యాయం. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగులో అన్ని వయసులవారినీ చూశారు, 2023లో మళ్లీ చేశారు. మన రాష్ట్రంలో 2019 అక్టోబరు 10న మొదలుపెట్టి ముందు బడిపిల్లలను, తరువాత అరవై దాటిన అవ్వాతాతలను తీసుకున్నారు. ఇంతలో కరోనా వచ్చిపడింది. సూదితో, స్పానరుతో ఇల్లు నడిపే నలభై నుంచి అరవై ఏళ్లవారి వంతు వెనకబడింది. పైగా శిబిరంలో ఇచ్చేది మొదటి జోడు. రెండోదాని మాటేమిటని ముందే చెప్పుకున్నాం. పన్ను మాత్రం తగ్గింది. చూపు సరిచేసే కళ్లజోళ్లపై 12 శాతంగా ఉన్న జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం చేశారు. పన్నుతో కలిపి 2,200 పడే జోడు మీద దాదాపు 140 రూపాయలు తగ్గాలి. బిల్లులో తగ్గిందో లేదో చూసుకోవడం మన పని.

సభల్లో మనం ఇబ్నుల్ హైసమ్ పేరు గర్వంగా చెప్పుకుంటాం. వెయ్యేళ్ల కిందట బస్రాలో పుట్టి, కైరోలో కూర్చుని, వెలుగు వస్తువు నుంచి కంటికి చేరడం వల్లనే చూపు కలుగుతుందని నిరూపించిన మహనీయుడు. ఆయన 'కితాబుల్ మనాజిర్' గురించి మేమూ ఉపన్యాసాలు ఇచ్చాం. ఆ ఉపన్యాసం వింటూ వెనక కూర్చున్న పిల్లవాడికి బల్ల కనిపించడం లేదని మాత్రం మాకు తెలియలేదు.

ఇప్పుడు మా మదరసాలో ఒక రిజిస్టరు పెట్టాం. ఏ పిల్లవాడికి పరీక్ష చేయించినా చీటీలోని అంకెలు అందులో ఎక్కిస్తాం, అసలు కాగితం తల్లికిస్తాం. తల్లులవి, చుట్టుపక్కల కుట్టుపనివారివి కూడా రాస్తున్నాం. అద్దాలు విరిగితే కొనలేని ఇంటికి మసీదు కమిటీ నుంచి సాయం అందుతుంది. రమజాన్‌లో రేషను, బట్టలు ఇచ్చే దాతలలో ఇద్దరు ఈసారి దీనికి ఇస్తామన్నారు. జకాత్ సొమ్ము అయితే హక్కుదారుకే చేరాలి కాబట్టి దాని లెక్క వేరే పెట్టాం. ఈ పనికి పెద్ద సంస్థ అక్కర్లేదు. ఒక నోటుపుస్తకం, విడదీసి ధర చెప్పే ఒక దుకాణదారు ఉంటే జరిగిపోతోంది. మన ఊళ్లలో ఇలాంటి పుస్తకం ఒక్కటైనా లేని మసీదులు ఎన్ని ఉన్నాయో కమిటీల పెద్దలే చెప్పాలి.

ఆ మెకానిక్ కొడుకుకు పాలీకార్బొనేట్ అద్దాలతో మొత్తం 950 అయింది. వాణ్ణి రెండో వరసలో కూర్చోబెట్టాం. మొన్న బల్ల మీద మేము ఒక వాక్యం రాసి వెనక్కి తిరిగేసరికి వాడు లేచి నిలబడి, "హజ్రత్, మూడో మాటలో ఒక నుక్తా తక్కువైంది" అన్నాడు. మేము జేబులోంచి అద్దాలు తీసి పెట్టుకుని చూశాం. తక్కువే అయింది.