కాపలా ఊరిది, పర్మిట్ ఎవరిది?

ఏప్రిల్ వచ్చిందంటే ఆదిలాబాద్, ములుగు, భద్రాచలం అడవుల్లో తెల్లవారకముందే జనం కదులుతారు. తునికాకు సీజన్ అది. ఎండ ముదరకముందే ఆకు తెంపి మూటగట్టుకొస్తారు. ఇంటిల్లిపాదీ నీడన కూర్చుని 50 ఆకులకో కట్ట కడతారు. పొద్దుగూకేలోపు ఆ కట్టలు కల్లానికి చేరాలి. కల్లేదారు వాటిని లెక్కపెట్టి, నచ్చనివి పక్కన పడేసి, మిగతావి రాసుకుంటాడు. కట్టకు ఎంతన్నది ముందే ఖరారై ఉంటుంది. ఆ ఖరారులో ఆకు తెంపినవాళ్ల మాట ఉండదు.

చట్టం చూస్తే ఆ ఆకు వాళ్లదే. 2006 అటవీ హక్కుల చట్టం తునికాకును, వెదురును, తేనెను, లక్కను, దుంపలను పేరుపేరునా చిన్న తరహా అటవీ ఉత్పత్తులుగా రాసింది. ఏరుకునే హక్కు, అమ్ముకునే హక్కు ఇవ్వడంతో ఆగకుండా వాటి మీద యాజమాన్యాన్నే అడవిలో బతికేవాళ్లకు ఇచ్చింది. కానీ మన దగ్గర అటవీ ఉత్పత్తుల వ్యాపారంపై 1971లో వచ్చిన చట్టంతో మొదలైన పద్ధతే ఇంకా నడుస్తోంది. సర్కారే అడవిని యూనిట్లుగా విడగొట్టి కాంట్రాక్టరుకు ఆకు అమ్ముతుంది. తెంపినవాళ్లకు కూలి దక్కుతుంది. ఖర్చులు పోను మిగిలినదాన్ని సర్కారు బోనస్ అని ఎప్పుడో పంచుతుంది. యజమానికి దక్కాల్సింది ధర. బోనస్ పనివాడికిచ్చేది.

అడవిని కాపాడే బాధ్యత ఊరికి ఇవ్వాలనుకుంటే అమ్ముకునే హక్కూ ఆ ఊరికే ఇవ్వాలి. రెంటినీ విడదీస్తే అడవీ మిగలదు, ఊరూ బాగుపడదు. ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. ప్రాణహితకు అవతల ఇలా చేసి చూపించిన ఊరు ఉంది.

గడ్చిరోలి జిల్లా ధనోరా తాలూకాలోని మెండా లేఖ సుమారు వంద గడపల గోండు పల్లె. అక్కడ గ్రామసభలో చేతులెత్తి ఓట్లు లెక్కపెట్టరు. అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడుకుంటారు. ఒక్కరు కాదన్నా ఆ విషయం మళ్లీ చర్చకు వస్తుంది. దేవాజీ తోఫా వంటి పెద్దలు 1980ల నుంచి ఊరిని అలా నడుపుకొచ్చారు. 2009లో ఆ ఊరికి సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు పత్రం వచ్చింది. కానీ పత్రం వచ్చాక కూడా వెదురు అమ్ముకోనివ్వలేదు. వెదురు చెట్టు కిందికి వస్తుందని, రవాణా పర్మిట్ ఇవ్వలేమని అటవీ శాఖ పట్టుబట్టింది. ఊరు వెనక్కి తగ్గలేదు. చివరికి 2011 ఏప్రిల్‌లో అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ ఆ ఊరికే వెళ్లి పర్మిట్ పుస్తకాన్ని గ్రామసభ చేతిలో పెట్టారు. మరుసటి ఏడాది, 2012లో, అటవీ హక్కుల చట్టం నిబంధనలు సవరించి పర్మిట్ ఇచ్చే అధికారం గ్రామసభ కమిటీకే అప్పగించారు.

ఊరికి అధికారమిస్తే చేతికొచ్చిందంతా నరికి అమ్ముకుంటారేమోనన్న భయం చాలామందికి ఉంది. వెదురు పొద దగ్గర నిలబడి చూస్తే ఆ భయం పోతుంది. ముదిరిన బొంగులు పొద మధ్యలో ఉంటాయి, లేతవి అంచుల్లో వస్తాయి. లోపలికి చెయ్యి పెట్టడం కష్టం, ముళ్లు గీరుకుంటాయి. టన్ను లెక్కన కూలి పుచ్చుకునేవాడు అంచుల్లో అందినదాన్ని నడుము ఎత్తున నరికేసి పోతాడు. పొద ముడుచుకుపోయి కొన్నేళ్లలో గిడసబారుతుంది. రేపు కూడా అదే పొద దగ్గరికి రావలసినవాడైతే లోపలికి దారి చేసుకుని, ముదురువి నేలకు దగ్గరగా కోసి, లేతవాటిని వదులుతాడు. తునికి కొమ్మలదీ అంతే. చిగుళ్లు త్వరగా వస్తాయని అడవికి నిప్పు పెట్టడం రేపటి సంగతి పట్టనివాళ్ల పని.

మన మన్యంలో తపసి జిగురు సంగతి కూడా చెప్పాలి. రాళ్ల మీద తెల్లగా నిలబడే ఆ చెట్టుకు ఒకప్పుడు గొడ్డలితో లోతుగా గాట్లు పెట్టేవారు. జిగురు కారేది, చెట్టు ఎండిపోయేది. విశాఖలోని కోవెల్ ఫౌండేషన్ వంటి సంస్థలు పట్ట మేరకే చిన్న గాటు పెట్టడం, జిగురును మట్టి అంటకుండా ఆరబెట్టడం గిరిజనులకు నేర్పాయి. శుభ్రమైన సరుకుకు మంచి ధర రావడంతో చెట్టు బతికుంటేనే లాభమన్నది లెక్కలోనే తేలింది.

తెలుగు ప్రభుత్వాలు మాత్రం మొదటినుంచీ ఇందులో సగమే ఇస్తున్నాయి. 1992లో వన సంరక్షణ సమితులు పెట్టారు. కాపలా ఊరికిచ్చారు, పెత్తనం అటవీ శాఖ దగ్గరే ఉంచుకున్నారు. అటవీ హక్కుల చట్టం వచ్చాక సామూహిక పత్రాలను గ్రామసభలకు బదులు ఆ సమితుల పేరునే రాసిచ్చారు. చట్టం అమలును పరిశీలించిన ఎన్.సి. సక్సేనా కమిటీ 2010లో దీన్ని తప్పుపట్టింది. ఆ తర్వాత రాజకీయమంతా వ్యక్తిగత పట్టాల చుట్టూ తిరిగింది. 2023లో తెలంగాణలో 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు పంచారు. అది న్యాయమే, నేను కాదనను. కానీ పట్టాలో ఉన్నది ఒక కుటుంబం దున్నుకునే చెలక. ఊరంతా బతికే అడవి ఆ పట్టాలోకి రాదు.

గ్రామసభలు మోసపోతాయన్న వాదనలో నిజం లేకపోలేదు. గడ్చిరోలిలో సొంతంగా తునికాకు వేలం వేసిన ఊళ్లకు కాంట్రాక్టర్లు డబ్బు ఎగ్గొట్టిన సందర్భాలున్నాయి. గిరిజన సహకార సంస్థ అవసరం ఇక్కడే. 1956 నుంచి సంతల్లో చింతపండు, కుంకుడు, కరక్కాయ కొంటున్న అనుభవం దానికుంది. ఒకే ఒక కొనుగోలుదారుగా కాక, బయట ధర పడిపోయినప్పుడు మద్దతు ధరకు కొనే సంస్థగా, టెండరు పత్రం రాయడంలో గ్రామసభకు పక్కన నిలిచే సంస్థగా అది మారాలి.

వచ్చే ఫిబ్రవరిలో తునికి కొమ్మ కొట్టే పని మొదలవడానికి ముందే, ఒక్కో సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) పరిధిలో కనీసం పది గ్రామసభలకైనా హద్దులు గీసి సామూహిక పత్రాలు ఇవ్వాలి. వాటి ఆకును అవే వేలం వేసుకోనివ్వాలి, పర్మిట్ పుస్తకం వాటి చేతికే ఇవ్వాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. హక్కు పత్రాలను ఖరారు చేసే అధికారం కలెక్టర్ అధ్యక్షుడిగా ఉన్న జిల్లా కమిటీకే ఉంది.