శొంఠి, మిరియం, జాతర్

డిసెంబరు వచ్చిందంటే దుబాయ్ సాయంత్రాలు చల్లబడతాయి. బడి నుంచి ఒక పిల్ల ముక్కు కారుతూ వచ్చిందా, వారం తిరిగేసరికి ఇంటిల్లిపాదికీ తుమ్ములే. సోనాపూర్ కార్మికుల క్యాంపుల్లో ఒకే గదిలో సర్దుకునే మన కరీంనగర్, నిజామాబాద్ అన్నదమ్ముల సంగతి చెప్పనక్కర్లేదు.

మనం శొంఠి, మిరియాలు, తులసి వేసి కషాయం కాస్తాం. ఇక్కడి అరబ్బు ఇళ్ళలో జాతర్ అనే ఆకు మరగబెట్టి తేనె కలుపుకుంటారు. దేరా మసాలా బజారులో గుప్పెడు జాతర్ నలిపి వాసన చూడండి, మన వాము గుర్తొస్తుంది. రెండింటి ఘాటుకూ కారణం థైమాల్ అనే ఒకే పదార్థం. ఈ చుట్టరికం నాకెంతో ఇష్టం.

అయితే జలుబు తెచ్చే వైరస్‌లు 200కు పైమాటే. వాటిని చంపే కషాయం లేదు. వేడివేడిగా తాగితే గొంతుకు హాయి, పడుకోబోయే ముందు చెంచాడు తేనెతో దగ్గుకు కాస్త ఉపశమనం. అదీ తక్కువేం కాదు. కానీ ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకండి, బొట్యులిజం ప్రమాదం ఉంది. ఆవిరి పట్టిద్దామని మరిగే గిన్నె ముందు పిల్లల్ని కూర్చోబెట్టి దుప్పటి కప్పకండి, గిన్నె ఒరిగితే ఒళ్ళు కాలుతుంది.

ఊరి నుంచి వస్తుంటే అమ్మ కట్టిచ్చిన దినుసుల పొట్లాలు ఒకసారి విప్పి చూసుకోండి. గసగసాలుంటే అక్కడే తీసేయండి, ఎమిరేట్స్‌లో అవి నిషిద్ధం. జ్వరం తగ్గకపోయినా, ఆయాసం వచ్చినా కషాయం పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళండి.